పాలకూర వేపుడు: చుట్టూ నీళ్లు, వెల్లుల్లేమో చేదు

మూడోసారీ అదే గతి. మూకుడు నిండా ఆకు వేస్తే చివరికి పిడికెడు ముద్ద, దాని చుట్టూ పచ్చటి నీళ్లు మిగిలాయి. ముందే వేయించిన వెల్లుల్లి నల్లబడి చేదెక్కింది. ఆకు కడిగిన వెంటనే వేశాను, ఉప్పు మొదట్లోనే చల్లాను, మూత పెట్టాను. ఎక్కడ తప్పుతోందండీ?

జవాబు 1:
ఏమనుకోకండి, ఆ మూడూ తప్పులే! పాలకూరలో 90 శాతానికి పైగా నీరే. ఉప్పు పడగానే అది బయటికొస్తుంది, మూత పెడితే ఆవిరి మళ్లీ అందులోనే పడుతుంది. కడిగిన ఆకుని గుడ్డ మీద ఆరబెట్టండి. వెడల్పు మూకుడు, పెద్ద మంట, రెండు గుప్పిళ్ల చొప్పున వేయడం. ఆకు వాలిపోగానే దించేసి అప్పుడు ఉప్పు వేయండి.

జవాబు 2:
వెల్లుల్లి సంగతి నేను చెప్తా, ఎన్ని మాడ్చానో లెక్కలేదు. సన్నగా తరిగితే క్షణాల్లో నల్లబడుతుంది. నేనైతే రెబ్బని మందపాటి బిళ్లలుగా కోసి, చల్లటి నూనెలోనే వేసి సన్నసెగ మీద పెడతాను. చుట్టూ చిన్న బుడగలు వస్తాయి, అంచులు లేత గోధుమరంగుకి తిరుగుతాయి. అప్పుడే తీసేయాలి, బయటికి తీశాక కూడా ఆ వేడికి ఇంకాస్త రంగెక్కుతుంది. అదే నూనెలో ఆకు వేయించి, ఆ బిళ్లలు చివర్లో పైన చల్లుకోండి.

అడిగినవారు:
ఇవాళ చేశా. నీళ్లు లేవు! ఉప్పు మాత్రం ఎక్కువైంది. ఆకు అంత తగ్గిపోతుందని తెలిసీ కుప్పని చూసి వేశాను.