వింటేజ్ కారుకి కొత్త రకం షాకులు: వేయొచ్చా, కూడదా?

గుంతల_బాధితుడు
అందరికీ నమస్తే. నాది 1967 ఎంజీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. నాలుగు చక్రాలకీ కంపెనీ బిగించిన లీవర్ ఆర్మ్ షాక్ అబ్జార్బర్లే (చక్రంతోపాటు కదిలే చేయి లోపలి పిస్టన్‌ని ఆయిల్లో తోసి ఊపు ఆపేవి) ఉన్నాయి. బానెట్ మూల మీద నొక్కి వదిలితే మూడు నాలుగు సార్లు తలాడించిగానీ ఆగట్లేదు. స్పీడ్ బ్రేకర్ దిగాక వెనకభాగం పడవలా తూగుతోంది. ముందు కుడివైపుది ఆయిల్ కూడా కారుస్తోంది. మెకానిక్ "వీటి పని అయిపోయింది, గ్యాస్ టెలిస్కోపిక్ (గొట్టంలో రాడ్ సాగి ముడుచుకునేవి) వేయించండి" అంటున్నాడు. గ్యాస్‌వి వేస్తే బండి ఎత్తు పెరిగిపోతుందని ఇంకొకాయన భయపెట్టాడు. వేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

ఆయిల్‌డబ్బా
ఆయిల్ పోసి చూశారా?

తిరిగే_చక్రం
కళ్లు మూసుకుని వేయించేయండి. నాదీ ఎంజీబీయే, 1971. లీవర్ ఆర్మ్‌లు మూడుసార్లు రీబిల్డ్ చేయించాను. మూడుసార్లూ ఏడాది తిరక్కుండానే షాఫ్ట్ దగ్గర చెమ్మ. రీబిల్డ్ చేసినవాడిని తిట్టి లాభం లేదు, లోపం దాని పుట్టుకలోనే ఉంది. చక్రం ఎంత లేచినా లోపల పిస్టన్ కదిలేది కొంచెమే. ఆ కొంచెం కదలికలోనే అంత ఊపునీ ఆపాలి కాబట్టి ఆయిల్ మీద ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. పైగా పట్టే ఆయిల్ తక్కువ. గతుకుల రోడ్డు మీద వరసగా పోతే వేడెక్కి పలచబడుతుంది, ఇక షాకు ఉన్నా లేనట్టే. టెలిస్కోపిక్‌లో పిస్టన్ చాలా దూరం నడుస్తుంది, ఒత్తిడి తక్కువ, ఆయిల్ ఎక్కువ. నాలుగేళ్లుగా నా బండి కింద ఆయిల్ చుక్కలకని అట్ట పరవలేదు.

ఎత్తు సంగతి: మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) గ్యాస్ షాకులో రాడ్ మందం 11 మిల్లీమీటర్లు, లోపల గ్యాస్ 20 బార్ అనుకుంటే, రాడ్‌ని బయటికి తోసే బలం సుమారు 19 కిలోలు. మెత్తటి స్ప్రింగు మీద అది కాస్త కనిపిస్తుంది. తక్కువ ఒత్తిడి ట్విన్ ట్యూబ్ (రెండు గొట్టాలది) తీసుకుంటే ఆ బెంగే లేదు.

పాతబండి_పెద్దాయన
ముందుగా శీర్షిక. వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనవి. ఎంజీబీ పుట్టిందే 1962లో. క్లాసిక్ అనండి.

ఇక అసలు సంగతి. ఎంజీబీ ముందు షాకు కేవలం షాకు కాదు. దాని చేతులే సస్పెన్షన్‌కి పై విష్‌బోన్, అంటే చక్రాన్ని పైనుంచి పట్టి ఉంచే చేయి. నాలుగు బోల్టులతో క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) మీద కూర్చుని చక్రాన్ని నిలబెడుతున్నది అదే. అది తెలియకుండా "తీసి వేరేది వేయించండి" అంటే ఎలా? కొన్ని కిట్లలో పాత లీవర్‌ని విష్‌బోన్‌గా అలాగే ఉంచి పక్కన టెలిస్కోపిక్ తగిలిస్తారు. కొన్నింట్లో పైచేతులు మొత్తం మార్చేస్తారు. చక్రం గారు ఏది వేశారో చెప్పలేదు.

తిరిగే_చక్రం
మొదటిది. పాత లీవర్లో వాల్వు తీసి, ఆయిల్ వదిలేశాను. శీర్షిక నాది కాదు, ఆ తగువు బాధితుడితో పెట్టుకోండి.

నట్టుబోల్టు
వదిలేశానంటే లోపలే ఉంచారా, బయటికి వదిలేశారా?

తిరిగే_చక్రం
లోపలే ఉంచాను.

నట్టుబోల్టు
బతికిపోయారు. నేను రెండోది చేశాను. షాకుగా పనిచేయనిదానికి ఆయిల్ దేనికిలే అని మొత్తం తీసేశా. తొమ్మిది నెలల్లో షాఫ్ట్ బేరింగు అరిగి లీవర్ అటూఇటూ ఆడింది. క్యాంబర్ (చక్రం నిలబడే వాలు) పోయింది, టైర్లు ఒకవైపు తినేశాయి. ఆ షాఫ్టుకి తడి ఆ ఆయిలే.

పాతబండి_పెద్దాయన
అందుకే చెబుతున్నది. ఆయిల్ కారుతోందని సస్పెన్షన్‌నే మార్చడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం. వెనకవైపు కథ ఇంకోటి. అక్కడ కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). పట్టీ మీద పట్టీ రాసుకుంటూ ఉంటుంది, ఆ రాపిడే కొంత ఊపుని తినేస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే ఆ రోజుల్లో షాకు వాల్వులు అమర్చారు. మీరు వేరే బండి బరువుకి చేసిన గట్టి షాకు తెచ్చి బిగిస్తే చక్రం గతుకెక్కిన ప్రతిసారీ ఆ దెబ్బ బాడీకే. ఇక బ్రాకెట్‌కి చోటు చాలక షాకుని వాల్చి బిగిస్తారు. 45 డిగ్రీలు వాలిస్తే పనితనం సగమైపోతుంది. 30 డిగ్రీలకే పావు వంతు పోతుంది. కొత్తదన్న పేరే గానీ సుఖమేదీ?

తిరిగే_చక్రం
ఆయిల్ కారదు. అది సుఖం.

పాతబండి_పెద్దాయన
నేను వాలు గురించి అడిగాను.

తిరిగే_చక్రం
నేను నాలుగేళ్ల గురించి చెప్పాను. మీరు కాగితం మీద కోణాలు గీస్తున్నారు, నేను వాన్లో వంపుల రోడ్ల మీద తిప్పుతున్నాను. ఏమీ అనుకోకపోతే ఒకటి అడుగుతాను. మీ బండి కిందటేడు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?

ఆయిల్‌డబ్బా
బాధితుడు గారూ, ఆయిల్ పోశారా అని అడిగాను.

పాతబండి_పెద్దాయన
నా బండి తిరగలేదు. అడిగారు కాబట్టి ఎందుకు తిరగలేదో కూడా చెబుతాను.

నాది 1930 ఫోర్డ్ మోడల్ ఏ. అవును, నిజంగానే వింటేజ్. దానికి కంపెనీ ఇచ్చినవి హౌడాయ్ షాకులు. గుండ్రటి డబ్బా, లోపల రెక్క తిరుగుతుంది, ఎంత గట్టిగా పట్టాలో సూది వాల్వుతో సరిచేసుకోవచ్చు. దాంట్లో పోసేది గ్లిజరిన్. నాకంటే ముందున్న యజమానికి ఎవరో మీలాంటివారే సలహా ఇచ్చారు. ఆయన నాలుగూ పీకేసి, చాసిస్ పట్టీకి బ్రాకెట్లు వెల్డింగ్ చేయించి, ఏదో బండి టెలిస్కోపిక్‌లు తగిలించాడు. నేను కొన్న రెండో ఏడు ఎడమవైపు వెల్డింగ్ అంచు నుంచి పట్టీలో పగులు మొదలైంది. వేలెడు పొడవు వచ్చాక చూశాను. బ్రాకెట్ కోసిపడేసి చాసిస్ అతికించాను. ఇప్పుడు నాలుగు హౌడాయ్‌ల కోసం వెతుకుతున్నాను, మూడేళ్లయింది. దొరికినవన్నీ లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయినవే. అందుకని బండి దిమ్మెల మీద ఉంది. చాలా?

తిరిగే_చక్రం
బాధాకరమే, కాదనను. కానీ అది వెల్డింగ్ చేసినవాడి పాపం, టెలిస్కోపిక్‌ది కాదు. నా బండిలో ఒక్క కొత్త రంధ్రం లేదు. వెనక బ్రాకెట్ పాత షాకు బోల్టులు రెండూ ఉన్న చోటే బిగుస్తుంది, కింద స్ప్రింగు ప్లేటు మార్చాలి, అంతే. విప్పితే ఒక్క పూటలో యథాస్థితి. మీ కోపం ఎవడి మీదో, తీర్చుకుంటున్నది నా మీద.

పాతబండి_పెద్దాయన
విప్పితే యథాస్థితి అన్నారు. విప్పి ఏం బిగిస్తారు? మీ పాత వెనక షాకులు ఎక్కడున్నాయి?

తిరిగే_చక్రం
ఎంజీబీలు 5 లక్షలకు పైగా తయారయ్యాయి సార్. ఇదేమీ మ్యూజియం ముక్క కాదు. రీబిల్డ్ చేసిన లీవర్ ఆర్మ్‌లు కావాలంటే ఇప్పటికీ దొరుకుతాయి.

పాతబండి_పెద్దాయన
మోడల్ ఏలు అంతకంటే చాలా ఎక్కువ తయారయ్యాయి. ఆ రోజు వాటి యజమానులూ ఇదే మాట అన్నారు. ఎక్కడున్నాయి?

నట్టుబోల్టు
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

తిరిగే_చక్రం
నెమ్మదించడానికేం లేదు. పెద్దాయన గారికి షాకులతో పేచీ లేదు. బండి నాది కాదంటున్నారు, అదీ వారి పేచీ. నా తర్వాత కొనబోయే, ఇంకా పుట్టని ఎవడిదోనట, నేను కాపలావాడినట. డబ్బు పోసి కొన్నది నేను, కింద దూరి నడుం పట్టించుకున్నది నేను. నడపడానికి కొన్నాను. ఫోటోలో పాతగా కనబడటానికి కాదు.

పాతబండి_పెద్దాయన
కాపలావాడినన్న మాట నేను వాడలేదు, కానీ అడ్డం చెప్పను. అవును, నా ఉద్దేశం అదే. మీరు నడుపుకోవద్దనలేదు, టెలిస్కోపిక్ పాపమనీ అనలేదు. పాత బండ్ల అంతర్జాతీయ సంఘం ఫీవా వాళ్ల టూరిన్ చార్టర్ కూడా మార్పు వద్దనదు. వెనక్కి తిప్పుకునేలా ఉండాలంటుంది, తీసిన అసలు భాగాలు బండితోనే ఉంచమంటుంది. మీరు బ్రాకెట్ దగ్గర అంత శ్రద్ధ చూపించారు. అందుకే షాకులేమయ్యాయని మూడోసారి అడుగుతున్నాను.

గుంతల_బాధితుడు
క్షమించాలి, నిన్నంతా బండి కిందే ఉన్నాను. ఆయిల్‌డబ్బా గారు రెండుసార్లు అడిగారు కదా అని మూతలు విప్పి చూశా. ముందు కుడివైపుది దాదాపు ఖాళీ. వెనక రెండింట్లోనూ సగానికి తక్కువ. మెకానిక్ ఒక్కటీ విప్పి చూడలేదని ఇప్పుడర్థమైంది. 20 గ్రేడు షాకు ఆయిల్ కొంచెం కొంచెంగా పోస్తూ, లీవర్ ఆడిస్తూ గాలి బుడగలు పోయేదాకా నింపాను. వెనక తూగు పోయింది! ముందు ఎడమవైపు నొక్కితే ఒక్కసారి లేచి ఆగుతోంది. కుడివైపు కూడా ఆగింది గానీ, తెల్లారేసరికి కింద అరచేతంత మరక.

ఆయిల్‌డబ్బా
కుడిది రీబిల్డ్‌కి పంపండి. షాఫ్ట్ రంధ్రం బోర్ చేసి కొత్త బుష్, పెదవి సీల్ (లిప్ సీల్) వేసేవాళ్లకే ఇవ్వండి. ఊరికే సీల్ మార్చి ఇచ్చేవాళ్లకి వద్దు. అరిగిన షాఫ్టు మీద ఏ సీలూ నిలవదు.

తిరిగే_చక్రం
నా మూడు రీబిల్డ్‌లూ ఉత్త సీల్ మార్పిడే. బోర్ చేయాలని నాకెవరూ చెప్పలేదు.

అయినా టెలిస్కోపిక్ మీద నా మాట మారదు. గతుకుల్లో వరసగా పది కిలోమీటర్లు నడిపి, ఆపై మళ్లీ నొక్కి చూసి చెప్పండి.

గుంతల_బాధితుడు
ఆదివారం చూస్తాను.

పాతబండి_పెద్దాయన
చక్రం గారూ.

తిరిగే_చక్రం
వెనకవి రెండూ పాత ఇనుముకి వేసేశాను. ముందువి ఇంకా బండికే ఉన్నాయి, విష్‌బోన్లు కాబట్టి.