అప్‌డేట్: ఎక్స్‌పీలో అపాచీ ఎక్కింది

చెన్నై అంబత్తూరులో మా బాబాయి వర్క్‌షాప్‌లోని పాత విండోస్ ఎక్స్‌పీ డెస్క్‌టాప్‌లో అపాచీ (వెబ్ పేజీలు అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ కావట్లేదని అడిగాను కదా, ఇప్పుడు నడుస్తోంది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

‘విన్32 అప్లికేషన్ కాదు’ అన్న ఎర్రర్‌కి కారణం మీలో ఒకరు చెప్పిందే. నేను దించుకున్న అపాచీ కొత్త బిల్డ్ (ఇన్‌స్టాల్‌కి సిద్ధం చేసిన ఫైల్) మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో 2012 తర్వాతి కంపైలర్‌తో తయారైంది, దాన్ని ఎక్స్‌పీ తెరవనే తెరవదు. పాత 2.2 వర్షన్ ఎంఎస్‌ఐ (విండోస్ ఇన్‌స్టాలర్ ఫైల్) వేస్తే ఎక్కేసింది. వెబ్ పేజీలు రాసే భాష పీహెచ్‌పీ కూడా 5.4 దగ్గరే ఆగాలి, 5.5 నుంచి ఎక్స్‌పీని వదిలేశారు.

అయినా అపాచీ సర్వీస్ స్టార్ట్ కాలేదు. ఏ పోర్ట్ దేని చేతిలో ఉందో చూపే నెట్‌స్టాట్ కమాండ్‌లో చూస్తే, ఎవరో ఎప్పుడో పెట్టిపోయిన ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) అపాచీకి కావాల్సిన పోర్ట్ 80 మీద బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు కూర్చుంది. దాన్ని కదిలించకుండా అపాచీ కాన్ఫిగ్ ఫైల్లో ఏ పోర్ట్ వాడాలో చెప్పే లిజన్ లైన్ దగ్గర 8080 పెట్టాను. ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్‌ని లోపలి నెట్‌వర్క్‌కి మాత్రమే తెరిచాను.

కొత్త సిస్టమ్ కొనమన్నారు కొందరు. నిజమే, ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది, అపాచీ 2.2 కథ కూడా 2017తో సరి. కానీ కటింగ్ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఇందులోనే నడుస్తుంది, బాబాయి మార్చడానికి ససేమిరా అంటున్నాడు. అందుకే రౌటర్‌లో దీనికి ఇంటర్నెట్ కట్ చేశాం. పక్క గదిలో పిన్ని సిస్టమ్‌లో ఈ అపాచీ ఇచ్చే సరుకు స్టాక్ పేజీ తెరుచుకుంటోంది, ఆవిడకి అది చాలట.