ముందు కొత్త టైర్లు, వెనక పాతవి: ట్రాక్ మీదకి పర్లేదా అండీ?

మాది అమలాపురం. 2016 స్విఫ్ట్. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై కార్ రేసుల ట్రాక్‌కి వెళ్తున్నాను. ముందు రెండూ మెత్తటి రబ్బరువి, కొత్తవి వేయించాను. వెనక వేరే కంపెనీవి, గట్టివి, సగం అరిగాయి. ఇంజను ముందు, లాగేదీ ముందు చక్రాలే కదా, చాలంటాడు షాపాయన. నిజమేనా?

భీమవరం నుంచి:
ఆగండి బాబూ! నేనూ అదే లెక్కతో వెళ్లాను. రెండో ల్యాప్‌లో మలుపు మధ్య భయమేసి యాక్సిలరేటర్ వదిలేశాను. బరువంతా ముందుకొచ్చింది, వెనక తేలిపోయింది. దమ్ము చేలో ట్రాక్టర్‌లా గిర్రున తిరిగి గడ్డిలో ఆగాను. కారుకేం కాలేదు, పరువే పోయింది. వెనక పట్టు ముందుకంటే తగ్గకూడదండీ. నాలుగూ ఒకటే వేయించండి.

పాలకొల్లు నుంచి:
ఎటూ కుదరకపోతే ఒక ఇరుసుకైనా రెండూ ఒకే రకం ఉండాలి. ఇంకోటి, టైరు పక్క గోడ మీద ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. పాతబడ్డ రబ్బరు గట్టిపడిపోతుంది, గాడి ఎంతున్నా లాభం లేదు.

అమలాపురం:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. వెనకవి 1416! ఈసారి కొబ్బరి దింపు డబ్బులు టైర్లకే. ఇంట్లో ఇంకా చెప్పలేదు, అదో టెన్షన్.