గుప్తనిధి కథ రాస్తున్నా, సెకండాఫ్ దగ్గర ఆగిపోయా. సాయం చేయండి

నమస్తే. మాది హన్మకొండ. దోస్తులతో కలిసి చిన్న సినిమా కోసం ఒక క్రైమ్ కథ రాస్తున్నాను. ములుగు దిక్కు ఒక ఊళ్లో పాత బావి పూడిక తీస్తుంటే కూలీకి కాకతీయుల నాటి కంచు విగ్రహం దొరుకుతుంది. బిడ్డ పెళ్లి దగ్గర పడింది, అప్పులున్నాయి. దాచేస్తాడు. చూసింది ఒక్కడే, సొంత బామ్మర్ది.

భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఆ సంగతి కూలీకి తెలియదు, బామ్మర్దికి తెలుసు. ఇంటర్వెల్ దాకా టెన్షన్ బాగానే నిలబడింది. తర్వాత హైదరాబాద్ బేరగాళ్లు దిగగానే అంతా ఛేజింగులే, కూలీ కనబడకుండా పోతున్నాడు. నాకు ఆ మనిషే ముఖ్యం. మా బాపు కూడా బావుల పనికి పోయినవాడే.

రెవెన్యూలో గానీ పురావస్తు శాఖలో గానీ పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి: కబురు అందాక ఊళ్లోకి ముందు ఎవరొస్తారు? పంచనామా ఎవరి ముందు రాస్తారు? కథలు రాసే అన్నలూ అక్కలూ, బామ్మర్ది ద్రోహం ప్రేక్షకుడికి ముందే తెలియాలా, లేక కూలీతో పాటే తెలియాలా? ఈ ఒక్కటి తేలక నెల నుంచి పేజీ కదలడం లేదు.