కేవియర్ డబ్బా మీద ‘మలోసోల్’ అంటే?

ప్రశ్న: డాలస్‌లో ఉంటామండీ. మావారికి ఆఫీసులో ఒకరు చిన్న రేకు డబ్బాలో కేవియర్, అదే ఉప్పు పట్టించిన చేపగుడ్లు, ఇచ్చారు. మూత మీద ‘మలోసోల్’ అని ఉంది. కంపెనీ పేరా, చేప పేరా? అసలు కేవియర్‌కి తెలుగు మాట ఉందా? శనివారం చుట్టాలు వస్తున్నారు, అప్పటిదాకా ఫ్రీజర్‌లో పెడదామనుకుంటున్నాను.

జవాబు: ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. గింజలోని నీరు గడ్డకట్టి పైపొర చిట్లుతుంది, కరిగాక అంతా మెత్తగా ముద్దయిపోతుంది. ఫ్రిజ్‌లోనే అన్నిటికంటే చల్లగా ఉండేచోట, వెనకవైపు, మూత తీయకుండా ఉంచండి. సెల్సియస్‌లో సున్నాకి రెండు డిగ్రీల కింద నుంచి సున్నాకి నాలుగు డిగ్రీల పైదాకా దానికి సరైన చలి.

ఇక మాట సంగతి. మలోసోల్ కంపెనీ పేరూ కాదు, చేప పేరూ కాదు. రష్యన్‌లో ‘మాలో’ అంటే కొంచెం, ‘సోల్’ అంటే ఉప్పు. తక్కువ ఉప్పు పట్టించినది అని అర్థం, మామూలుగా బరువులో 3 నుంచి 5 శాతం. రష్యాలో రెండు మూడు రోజుల్లో తినేసే దోసకాయల ఊరగాయకి కూడా ఇదే విశేషణం వాడతారు. ఉప్పు వేసిందంటే ఆవకాయలా నెలల తరబడి నిలవుంటుందని మనకి ఒక ధీమా, అది ఇక్కడ పనికిరాదు. రుచి కోసం ఉప్పు తగ్గించారు కాబట్టి చలి తప్పనిసరి, డబ్బా మీది తేదీ తప్పనిసరి.

చేప పేరు కావాలంటే డబ్బా మీది చిన్న స్టిక్కర్ చూడండి. కేవియర్ స్టర్జన్ అనే చేపల గుడ్లే. ఆ చేపలన్నీ 1998 నుంచి సైటీస్ అనే, అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వచ్చాయి, అందుకని డబ్బా మీద కోడ్ ఉంటుంది. మొదటి మూడక్షరాలు చేప: హెచ్‌యూఎస్ అంటే బెలూగా, జీయూఈ అంటే ఒసెట్రా, బీఏఈ అంటే సైబీరియా స్టర్జన్. తర్వాత సీ అని ఉంటే పెంపకం చేప, డబ్ల్యూ ఉంటే నదిలోనో సముద్రంలోనో పట్టినది. ఆ పక్కన దేశం, సంవత్సరం. ఒక్క వరసలో డబ్బా జాతకమంతా ఉంటుంది, నాకు మూత మీది బంగారు అక్షరాలకంటే ఇదే ముఖ్యం.

ఇంకొకరు: తెలుగులో ‘మత్స్యాండం’ అందామా?

జవాబు: వద్దండీ. చేప కోయించుకునేటప్పుడు కడుపులో జన ఉంటే విడిగా తీసివ్వమని అడుగుతాం, వేపుడో ఇగురో చేసుకుంటాం, అంత చక్కటి మాట నోట్లో ఉండగా నిఘంటువులో దాక్కునే మాట ఎందుకు? కొన్ని చోట్ల చేపగుడ్లు అనే అంటారు, అదీ బాగుంది. కానీ జన అంటే ఏ చేపదైనా సరే. రష్యన్‌లో ‘ఇక్రా’ కూడా అంతే, స్టర్జన్‌ది నల్ల ఇక్రా, సాల్మన్‌ది ఎర్ర ఇక్రా, ఆఖరికి వంకాయ గుజ్జుతో చేసేది వంకాయ ఇక్రా. కేవియర్ అనే మాట మాత్రం పారసీకం నుంచి వచ్చింది, అమెరికాలో విడిగా ఆ ఒక్క మాటే రాయాలంటే అది స్టర్జన్ జనే అయ్యుండాలి, వేరే చేపదైతే ముందు ఆ చేప పేరు కూడా రాయాలి. అంత కచ్చితమైన అర్థం ఉన్న మాటని అలాగే తెచ్చుకుందాం, కేవియర్ అనే అందాం. దాన్ని వివరించేటప్పుడు ‘ఉప్పు పట్టించిన స్టర్జన్ జన’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ! మరి వడ్డించడం ఎలా? వెండి చెంచాలున్నాయి.

జవాబు: వెండి వద్దు, కేవియర్‌తో కలిసి లోహపు రుచి వస్తుంది. ముత్యపుచిప్ప చెంచా వాడతారు, అది లేకపోతే చెక్కదో ప్లాస్టిక్‌దో చాలు. డబ్బా కూడా రేకుదే కదా అని అడుగుతారేమో, దానికి లోపల పూత ఉంటుంది. గిన్నెలో ఐసు ముక్కలు పోసి, డబ్బాని అందులో కూర్చోబెట్టి, తినే ముందు మూత తీయండి. గింజలు విడివిడిగా మెరుస్తూ ఉండాలి, సముద్రపు వాసన లీలగా ఉండాలి, నీచు కొట్టిందా, ఇక తినొద్దు.

30 గ్రాముల డబ్బా ఇద్దరికి, కాబట్టి చుట్టాలు ఎక్కువమందైతే ముందే చెప్పేయండి. బ్లినీ అనే చిన్న అట్లు, కాస్త సోర్ క్రీమ్ పక్కన పెడితే చాలు, నిమ్మకాయ, ఉల్లిపాయ వేస్తే దాని రుచి కప్పేస్తాయి. వేపుడు మాత్రం చెయ్యకండి, అది మన జనకి బాగుంటుంది, దీన్ని వేడి చేస్తే గట్టిపడి రుచి పోతుంది. మిగిలితే ప్లాస్టిక్ కాగితాన్ని గింజలకి తగిలేలా నేరుగా పరిచి మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, రెండు రోజుల్లో తినేయాలి.