ఒక్క ప్రాంతంలో రేపటి ఉద్యోగాల లెక్క మోడల్ చెప్పగలదా?

లెక్కలపిచ్చి:
చిన్న ప్రాంతంలో మూడేళ్ల తర్వాత ఉద్యోగాల పరిస్థితి ఎలా ఉంటుందో మోడల్ కట్టి చెప్పొచ్చని నేనంటే, అది జాతకం చెప్పడమేనని మా ఫ్రెండ్ ఎగతాళి చేశాడు. నా లెక్క చూడండి. పనిచేసేవాళ్లలో నెలకు 2 శాతం మందికి పని పోతోంది, ఖాళీగా ఉన్నవాళ్లలో 18 శాతం మందికి దొరుకుతోంది అనుకుందాం. ఇదే సాగితే నిరుద్యోగం 2/(2+18), అంటే 10 శాతం దగ్గర నిలబడుతుంది. పని పోయే రేటు 3 అయితే 14 దాటుతుంది. ఇప్పుడున్న స్థితిని బట్టి వచ్చే నెల స్థితికి మారే అవకాశాన్ని లెక్కేసే మామూలు మార్కోవ్ చెయిన్, ఇందులో జాతకం ఏముంది?

కందిరీగ:
ఆ 2, ఆ 18 ఎక్కడ్నుంచి తెచ్చారు మాస్టారూ? చిన్న ప్రాంతంలో సర్వేకి 400 మంది దొరికారనుకోండి, నిరుద్యోగం 8 శాతం అని తేలితే అసలు సంగతి 5.3కీ 10.7కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వచ్చే ఏడాది 9 వస్తే నిజంగా పెరిగిందా, శాంపిల్ మారిందా అన్నదే తేలదు, మీరేమో మూడేళ్లు ముందుకెళ్తున్నారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్‌బర్న్ అమెరికా ఉద్యోగాల్లో 47 శాతానికి ఆటోమేషన్ ముప్పుందన్నారు, 2016లో ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి ఓఈసీడీకి చేసిన లెక్కలో అది 9 శాతం. అంత పెద్ద దేశానికే ఈ గతి!

లెక్కలపిచ్చి:
శాంపిల్ సంగతి ఒప్పుకుంటా, పేరోల్ రికార్డులుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ 47, 9 ఉదాహరణ ఇక్కడ అతకదండీ. ఒకరు వృత్తి మొత్తాన్ని చూశారు, ఇంకొకరు ఆ వృత్తిలో మనిషి చేసే పనులను విడివిడిగా చూశారు. అడిగిన ప్రశ్నే వేరు.

పాతకాపు:
ఇద్దరూ అసలు చిక్కు వదిలేశారు. నేను కొన్నాళ్లు ట్రైనింగ్ సీట్ల లెక్కలు చూశాను. వెల్డర్లకు కొరత రాబోతోందని మా అంచనా చెప్పింది, అది చూసి అందరూ ఒకేసారి సీట్లు పెంచేశారు, ఆ బ్యాచ్‌లు బయటికొచ్చేసరికి వెల్డర్లు ఎక్కువయ్యారు, జీతాలు పడిపోయాయి, మళ్లీ చేరేవాళ్లు తగ్గారు. మా అంచనా తప్పా ఒప్పా అంటే ఏం చెప్పను? దాన్ని నమ్మారు కాబట్టే తప్పయింది. 1976లో ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ అమెరికా ఇంజనీర్ల విషయంలో చూపించిన సాలెగూడు (కాబ్‌వెబ్) మోడల్, అంటే కొరత, మిగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తుండటం, అచ్చం ఇలాంటిదే, చదువు పూర్తవడానికి పట్టే ఏళ్లే ఊగిసలాటకు కారణం. ఇంకోటి, లెక్కలపిచ్చి గారి 10 శాతం ప్రాంతం చుట్టూ గోడ కట్టినట్టు లెక్కేస్తుంది. కొత్త ఫ్యాక్టరీ వస్తే బయటివాళ్లూ దిగుతారు, ఉద్యోగాలు పెరిగినా నిరుద్యోగం తగ్గకపోవచ్చు.

కందిరీగ:
అదీ మాట! ఇక మోడల్ దేనికి?

పాతకాపు:
పెద్ద ఫ్యాక్టరీ ఒకటి మూతపడితే ఎంతమందికి ఎన్ని నెలలు పని ఉండదో చూడటానికి పనికొస్తుంది. ఎప్పుడు మూతపడుతుందో చెప్పమంటే మాత్రం చెప్పదు.

లెక్కలపిచ్చి:
సరే, ఒక పందెం. 2016 వరకు డేటా మోడల్‌కిచ్చి 2019 చెప్పిస్తా. "2016లో ఎంతో 2019లోనూ అంతే" అనే సోమరి అంచనా కన్నా దగ్గరగా రాకపోతే ఓడినట్టే.

కందిరీగ:
2020 కూడా చెప్పించండి సార్, సరిగ్గా దాని ముందు ఆపేశారే!