ఎడారిలో సూర్యోదయం ఫోటోలు: తెలిసినవారు సలహా ఇవ్వగలరా?

నమస్కారం. మాది విశాఖపట్నం. డిసెంబరు చివర్లో జైసల్మేర్ వెళ్తున్నాం. ఆ ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ ఇసుక తిన్నెలను తెల్లవారు వెలుగులో ఫోటో తీయాలని కోరిక.

సాధన కోసం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు రెండు ఆదివారాలు చీకటితోనే వెళ్లాను. ఫలితం చూస్తే నాకే నవ్వొచ్చింది. కంటికి కుంకుమలా కనిపించిన మట్టి ఫోటోలో వెలిసిపోయిన ఇటుకలా పడింది. వైట్ బ్యాలెన్స్ (వెలుగును బట్టి రంగులను సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలేయడమే తప్పని నా అనుమానం. డేలైట్‌కు మార్చి, తర్వాత రంగులు సరిదిద్దుకునే వీలున్న రా (RAW) ఫైలుగా తీస్తే సరిపోతుందా?

లేత ఇసుకను కెమెరా బూడిద రంగుగా చూపిస్తుందని, ఎక్స్‌పోజర్ (ఫోటోకు అందే వెలుగు) కాస్త పెంచాలని తెలుసు. కానీ సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు పెంచితే ఆకాశం పూర్తిగా తెల్లబోతోంది. మీరైతే ఏమి చేస్తారు?

అసలు భయం ఇసుకతోనే. నా దగ్గర రెండు లెన్సులున్నాయి. గాలిలో వాటిని మార్చే సాహసం చేయవచ్చా, వాటిలో ఒకటైన 18-55 మి.మీ. లెన్సుతోనే సరిపెట్టుకోవాలా? ఇసుక మీది అలల గీతలకు నీడలు నిలిచేది సూర్యోదయం తర్వాత ఎంతసేపు?

అక్కడ మనకన్నా దాదాపు గంట ఆలస్యంగా తెల్లవారుతుంది. ఈ ప్రయాణంలో మా ఆవిడకు నచ్చిన విషయం ప్రస్తుతానికి అదొక్కటే.